పారమట్టాలో తొలి పట్టా

సిడ్నీ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది ఒపేరా హౌస్, దాని పక్కనే హార్బర్ బ్రిడ్జి. ఇక్కడ ఉండే తెలుగువాళ్లలో చాలామందిమి ఆ వైపు వెళ్లేది ఇండియా నుంచి చుట్టాలొచ్చినప్పుడే. మేం బతికే సిడ్నీ అక్కడికి పడమరగా సుమారు 24 కిలోమీటర్ల దూరంలో ఉంది. పేరు పారమట్టా. దాని చుట్టూ హారిస్ పార్క్, వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్, టూంగాబీ. ఈ స్టేషన్లలో ఎక్కడ దిగినా ఫోన్లో ఎవరో ఒకరు తెలుగులో మాట్లాడుతూనే ఉంటారు. హారిస్ పార్క్‌ని 2023లో మన ప్రధాని, వీళ్ల ప్రధాని కలిసి ‘లిటిల్ ఇండియా’ అని ప్రకటించారు. ప్రకటించక ముందూ అది అంతే.

మేం ఇక్కడ దిగింది చరిత్ర మీద మోజుతో కాదు. అద్దె, రైలు, పిల్లల బడి, నడిచి వెళ్లేంత దూరంలో దోసెపిండి దొరకడం, ఈ నాలుగూ చూసుకున్నాం. ఇల్లు దొరకడమే పెద్ద తతంగం. శనివారం పొద్దున పావుగంటసేపు తలుపులు తెరుస్తారు. పాతికమంది వరసలో నిలబడి చూసి, ఆనక ఎవరికి వాళ్లు అర్జీ పెట్టుకోవాలి. మన దగ్గరలా కులమేంటి, మాంసం తింటారా అని అడగరుగానీ జీతం చీటీలు, బ్యాంకు లెక్కలు, పాత ఇంటి ఓనరు సిఫారసు అన్నీ అడుగుతారు. కొత్తగా దిగినవాళ్లకు పాత ఓనరు ఎక్కణ్నుంచి వస్తాడు? ఎలాగో దొరికింది. ఇల్లు సర్దుకున్నాక ఓ సాయంత్రం పిల్లల్ని తీసుకుని వెనక వీధి చివరిదాకా నడిస్తే అక్కడ నది కనిపించింది.

నది అనడం మర్యాదకే. మా అమ్మానాన్నలు ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చినప్పుడు మొదట చూపించింది దాన్నే. నాన్న రెయిలింగ్ పట్టుకుని కాసేపు చూసి, ‘‘ఇదేం నదమ్మా, మన కొమ్మమూరు కాలువంత కూడా లేదు’’ అన్నారు. మాట నిజమే. కానీ నాన్న నిలబడిన చోటికి కాస్త దిగువనే, ఫెర్రీ ఆగే రేవు పక్కన చిన్న ఆనకట్ట ఉంది. దానికి కిందవైపు సముద్రపు పోటు తగిలే ఉప్పునీరు, పైవైపు మంచినీరు. కింద మడచెట్లు, పైన పచ్చిక. పసిఫిక్ మహాసముద్రం ఊళ్లోకి వచ్చి ఆగిపోయే గీత అది. ఇక్కడి మలుగు చేపలు ఆ గీతను దాటుకుని సముద్రంలోకి పోయి, ఉత్తరాన కోరల్ సముద్రం దాకా ఈది, అక్కడ గుడ్లు పెట్టి చనిపోతాయి. వాటి పిల్లలు మళ్లీ ఈ నదిని వెతుక్కుంటూ వస్తాయి. అవి ఎక్కడానికి వీలుగా ఆనకట్టకు ఓ పక్కన మెట్లదారి కూడా కట్టారు. ఊరి పేరు ఈ మలుగుల నుంచే వచ్చింది. నది ఒడ్డున ఉండే ఆదివాసులు బర్రమట్టగల్ తెగవాళ్లు. దారుగ్ భాష మాట్లాడే జనంలో ఒక వంశం. ఊళ్లోని రగ్బీ జట్టు పేరూ మలుగులే. మా చిన్నోడికి చరిత్రలో మొదట పట్టుకున్నది ఆ జట్టు నీలం పసుపు చొక్కానే.

అమ్మాయి నాలుగో తరగతికి వచ్చేసరికి బడిలో పాఠం మొదలైంది: మొదటి ఓడలు, మొదటి కలయికలు. ఇక్కడి బళ్లలో అసెంబ్లీ మొదలెట్టే ముందు ‘ఈ నేల దారుగ్ ప్రజలది, వారి పెద్దలకు మా నమస్కారం’ అన్న అర్థంలో నాలుగు మాటలు పిల్లలే చెప్తారు. మా పిల్లలకు మనవైపు ఊళ్ల పేర్లు సరిగ్గా నోరు తిరగవుగానీ ఈ మాటలు నిద్రలో లేపినా అప్పజెప్తారు. ప్రాజెక్టు పేరు చెప్పి వారాంతాల్లో మా అందరినీ తిప్పింది ఆ పిల్లే. తిరిగిన కొద్దీ ఈ కథలో మన ప్రమేయం నేననుకున్నదానికన్నా చాలా ఎక్కువని తెలిసొచ్చింది.

అసలు ఇంగ్లిషువాళ్లు ఇంత దూరం ఎందుకొచ్చారు? అమెరికా చెయ్యిజారిపోయింది కాబట్టి. అంతవరకూ తమ ఖైదీల్ని అట్లాంటిక్ దాటించి అమెరికా కాలనీల్లో పనికి అమ్మేసేవాళ్లు. ఆ దారి మూసుకుపోయాక లండన్ జైళ్లు నిండి, థేమ్స్ నదిలో లంగరేసిన పాత ఓడల్లో మనుషుల్ని కుక్కారు. యార్క్‌టౌన్‌లో అమెరికావాళ్లకు లొంగిపోయిన జనరల్ ఎవరో తెలుసుగా, కార్న్‌వాలిస్. ఆయన్ని 1786లో మనమీదికి గవర్నర్ జనరల్‌గా పంపారు. ఖైదీల్ని ఏమో 11 ఓడలకెత్తి ఇటు పంపారు. 1788 జనవరి 26న ఆ ఓడలు సిడ్నీ రేవులో జెండా పాతాయి. అదే 1788లో నిజాం దగ్గర్నుంచి గుంటూరు సర్కారు కుంపినీ చేతికి పోయింది. నాన్న సొంతూరు ఆ సర్కారులోదే. ఈ ముక్క చెప్పగానే నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. అప్పటిదాకా ఆయనకు ఇది మనవరాలి హోంవర్కు. ఆ తర్వాత ఆయన సొంత వ్యవహారమైంది.

సిడ్నీ రేవు దగ్గర నేల ఇసుక, బండరాయి. వేసిన గింజ మొలవలేదు. గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ పడవలో నది పట్టుకుని పడవ పోగలిగినంత దూరం లోపలికి వచ్చి, ఇక్కడ మంచి మన్ను చూసి నవంబర్ 2న ఇంకో ఊరు మొదలెట్టాడు. అందుకే ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో తెల్లవాళ్ల రెండో ఊరు ఇది. మొదట రోజ్ హిల్ అన్నారు. 1791లో రాజుగారి పుట్టినరోజున ఆదివాసుల పేరే ఖాయం చేశారు. సిడ్నీ గుడారాల మధ్య అడ్డదిడ్డంగా పెరిగితే, పారమట్టాకి మాత్రం ముందే గీత గీశారు. రేవు నుంచి గవర్నర్ ఇంటి దాకా ఒక మైలు పొడవు, 205 అడుగుల వెడల్పుతో ఒకే వీధి, అటూ ఇటూ ఖైదీల గుడిసెలు. ఇవాళ్టి జార్జ్ వీధి అదే. వెడల్పు తగ్గిపోయింది, గుడిసెలు పోయి బ్యాంకుల అద్దాల మేడలొచ్చాయి. తిన్నదనం మాత్రం అలాగే ఉంది.

హారిస్ పార్క్‌లో బిర్యానీ హోటళ్ల వీధి దాటి రెండు మలుపులు తిరిగితే రూజ్ వీధి వస్తుంది. అక్కడ వసారా తీర్చిన ఓ పాత ఇల్లుంది. పొట్టి పైకప్పు, చుట్టూ నీడ, మన జిల్లాల్లో దొరలు కట్టుకున్న ట్రావెలర్స్ బంగ్లా వాలకం. పేరు ఎక్స్‌పెరిమెంట్ ఫార్మ్ కాటేజ్. ఇంటికంటే ఆ నేల కథ పెద్దది. జేమ్స్ రూజ్ అని కార్న్‌వాల్‌కు చెందిన రైతు, దొంగతనం కేసులో ఏడేళ్ల శిక్షపడి వచ్చినవాడు. గడువు తీరింది, నాకు భూమి ఇప్పించండి అని గవర్నర్‌ని అడిగాడు. ఫిలిప్‌కు కూడా ఓ సందేహం తీరాలి: ఈ నేలమీద ఒక కుటుంబం తన కాళ్లమీద తాను బతకడానికి ఎన్నాళ్లు పడుతుంది? 1789 నవంబర్లో కొట్టి చదును చేసిన ఎకరంన్నర, గుడిసె, విత్తనాలు, పనిముట్లు ఇచ్చి చూశాడు. వాట్కిన్ టెంచ్ అనే సైనికాధికారి రూజ్‌ని కలిసి అతని సేద్యం పద్ధతి అంతా రాసిపెట్టాడు. కొట్టిన మానులు తగలబెట్టి ఆ బూడిద మట్టిలో కలిపేవాడట. రోజుకు కొద్దికొద్దిగానే తవ్వేవాడట. పెళ్లలు చితక్కొట్టి, గడ్డిని తిరగేసి అడుక్కి తొక్కి, ఎండకూ గాలికీ వదిలేసి, విత్తే ముందు మళ్లీ తిరగేసేవాడట. పశువుల్లేవు కాబట్టి ఎరువు లేదు. గడ్డి గోతిలో వేసి కుళ్లబెట్టాడు. సర్కారు పొలంలో నేలను పైపైన గీకి వదిలేస్తున్నారని అతని ఫిర్యాదు. నాన్న ఇది విని ‘‘వాడు రైతమ్మా’’ అన్నారు. 1791 ఫిబ్రవరికల్లా రూజ్ ఇక సర్కారు తిండి నాకక్కర్లేదు అన్నాడు. 30 ఎకరాలు అతని పేర రాశారు. ఈ కాలనీలో మొట్టమొదటి పట్టా అదే. రెండేళ్లకల్లా దాన్ని 40 పౌండ్లకు జాన్ హారిస్ అనే సైన్యపు డాక్టరుకి అమ్మేశాడు. పేటకు పేరు ఆ కొన్నవాడిదే పడింది. భూమి దున్నినవాడికి ఓ వీధి పేరు, ఆ మలుపులో ఓ ఫలకం మిగిలాయి.

నాన్న రెవిన్యూలో పనిచేసి రిటైరయ్యారు. అడంగళ్లు, పహాణీలు, సబ్‌డివిజన్లు ఆయన రక్తంలోనే ఉన్నాయి. ఫలకం పూర్తిగా చదివి, వెనక్కి తిరిగి ఒకటే అడిగారు. ‘‘అది సరేనమ్మా. రూజ్‌కి గవర్నర్ ఇచ్చాడు. గవర్నర్‌కి ఎవరిచ్చారు? లింకు డాక్యుమెంటేది?’’

లింకు డాక్యుమెంటు లేదు. ఇక్కడి చరిత్రంతా ఆ ఒక్క మాటలో ఉంది. మన దగ్గర కుంపినీవాళ్లు ఎంత మోసం చేసినా కాగితం ఒకటి రాయించుకున్నారు. మొగలు పాదుషా ఫర్మానా, నిజాంతో ఒడంబడిక, ఏదో ఒకటి. ఎదురుగా ఒక యజమాని ఉన్నాడని ఒప్పుకున్నట్టే కదా అది. ఆస్ట్రేలియాలో అదీ లేదు. ఎవరితోనూ ఒప్పందం చేసుకోలేదు, నేల ఎవరిదీ కానట్టే పంచుకున్నారు. ఆ సూత్రం చెల్లదని ఇక్కడి హైకోర్టు, అంటే వీళ్లకదే సుప్రీంకోర్టు, చెప్పేసరికి 1992 వచ్చింది. టోరెస్ జలసంధిలోని మర్రే దీవికి చెందిన ఎడ్డీ మాబో వేసిన దావా అది. తీర్పు వచ్చేనాటికి ఆయన లేడు, కొద్దినెలల ముందే పోయాడు. సిడ్నీలాంటి చోట్ల ఎప్పుడో పట్టాలైపోయిన భూమికి ఆ తీర్పుతో కలిగిన మార్పేమీ లేదు. ప్లాటు కొన్నవాళ్ల ప్లాటు వాళ్లదే. రేపు మేం కొన్నా అంతే.

ఊరివాళ్లు ఊరికే వదులుకోలేదు. బలుదరీ అనే కుర్రవాడి సంగతి మా అమ్మాయి ప్రాజెక్టులో సగం పేజీ ఉంటే, ఇంట్లో దానిమీద వారం రోజులు మాట్లాడుకున్నాం. 1791లో అతను నదిలో చేపలు పట్టి తెచ్చి, పారమట్టాలో తెల్లవాళ్లకు అమ్మేవాడు. చేపలకు బదులు రొట్టె, బియ్యం తీసుకునేవాడు. కొత్తగా కట్టుకున్న బెరడు పడవ అతనికి ప్రాణం. ఓరోజు కొందరు ఖైదీలు దాన్ని ఊరికే, పని లేక, ధ్వంసం చేశారు. బలుదరీ ఒంటికి రంగు పూసుకుని, ఆయుధాలతో నేరుగా గవర్నర్ ముందుకొచ్చి నిలబడి, తెల్లవాళ్లని చంపుతానన్నాడు. ఫిలిప్ ఆ ఖైదీలను పట్టుకుని కొరడా దెబ్బలు కొట్టించాడు. బలుదరీ లెక్కలో అది సరిపోలేదు. కొన్నాళ్లకు ఓ ఖైదీని బల్లెంతో పొడిచి తన లెక్క తను తేల్చుకున్నాడు. దాంతో ఫిలిప్ అతన్ని ఊళ్లోకి రానివ్వకుండా వెలివేశాడు. చేపల బేరం ఆగిపోయింది. ఆ ఏడాది చివర్లో బలుదరీ జబ్బుచేసి చనిపోతే, గవర్నర్ తోటలోనే పూడ్చిపెట్టారు. వెలివేసినవాడిని తన పెరట్లో పూడ్చనిచ్చిన ఫిలిప్‌ని ఏమనాలో నాకిప్పటికీ తెలీదు. అమ్మ మాత్రం ‘‘పడవ కట్టించి ఇస్తే పోయేదిగా’’ అంది. రెండు వందల ముప్పై ఏళ్లలో చరిత్రకారులు ఎన్ని రాసినా, ఆ ముక్క చెప్పినవాళ్లను నేను చూడలేదు.

ఆ తర్వాత పెముల్వుయ్ అనే ఆదివాసీ యోధుడు వచ్చాడు. అతను పొలాలు తగలబెట్టి, ఏళ్లతరబడి దాడులు చేశాడు. 1797లో టూంగాబీ సర్కారు పొలం మీద పడి, తరుముకొచ్చిన సైనికులతో పారమట్టా వీధుల్లోనే తలపడ్డాడు. ఒళ్లంతా గుళ్లు దిగి పడిపోతే ఆస్పత్రిలో వేశారు. కాలికి ఇనుప సంకెలతోనే తప్పించుకున్నాడు. 1802లో కాల్చి చంపి తల నరికి, ఇంగ్లండ్‌లో జోసెఫ్ బ్యాంక్స్ అనే ప్రకృతి శాస్త్రవేత్తకు పంపారు. ఆ పుర్రె ఇంతవరకూ దొరకలేదు. మనకి అల్లూరి కథ తెలుసు కాబట్టి పిల్లలకు ఇది విప్పి చెప్పడానికి నేను పెద్దగా తడుముకోలేదు.

ఇక మన ప్రమేయం. తొలి ఏళ్లలో ఈ కాలనీ పస్తులు పడుకుంది. రావలసిన సరుకు ఓడ దారిలో మంచుకొండకు గుద్దుకుంది. తిండి కోసం ఫిలిప్ ‘అట్లాంటిక్’ అనే ఓడను కలకత్తాకు పంపాడు. 1792 జూన్‌లో అది బియ్యం, సూజీ రవ్వ, పప్పు వేసుకుని తిరిగొచ్చింది. ఇంగ్లండ్ ఖైదీలు, ఐర్లండ్ ఖైదీలు, కాపలా సైనికులు వరసలో నిలబడి రేషను పప్పు పట్టుకెళ్లారు. ఎలా వండాలో వాళ్లకు తెలిసుండదు, పోపైతే అసలే ఉండదు. హారిస్ పార్క్‌లో మొదటి ఇండియా కొట్టు ఎప్పుడు పెట్టారని ఎవరైనా అడిగితే నేను 1792 అంటాను. నవ్వులాటకేగానీ, ఆ సరుకు వెనక నవ్వలేని సంగతొకటుంది. అవే ఏళ్లలో నిజాం రాజ్యంలో, మన ఉత్తర సర్కారుల్లో ఘోరమైన కరువు. పూడ్చే దిక్కులేని ఎముకలు, పుర్రెలు పొలాల్లో మిగిలాయి కాబట్టి దానికి పుర్రెల కరువు అని పేరు పడింది. ఓడలున్నాయి, ధాన్యం ఉంది, కుంపినీ ఉంది. ఏ ఓడ ఎటు పోవాలన్నదే లెక్క.

పారమట్టా పార్కులో, నది వంపు తిరిగేచోట మెట్టమీద ఓల్డ్ గవర్నమెంట్ హౌస్ ఉంది. ఆస్ట్రేలియాలో ఇంకా నిలిచున్న ప్రభుత్వ భవనాల్లో అన్నిటికన్నా పాతది. 1799లో గవర్నర్ హంటర్ కట్టించాడు, మెక్వారీ పెంచాడు. 2010లో యునెస్కో జాబితాకెక్కింది. ఈ మెక్వారీ పేరు లేని వీధి సిడ్నీలో లేదనిపిస్తుంది. యూనివర్సిటీ అతని పేరే, బ్యాంకూ అతని పేరే. మనవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి: అతను గవర్నర్‌గా రాకముందు చాలా ఏళ్లు ఇండియాలో సిపాయి దొర. టిప్పు సుల్తాన్ మీద శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నాడు. 1795లో కొచ్చిన్ బజారులో ఆరేడేళ్ల పిల్లలిద్దర్ని బానిసలుగా కొన్నాడు. భార్య జేన్ ఇంటిపేరు తగిలించి వాళ్లలో ఒకణ్ని జార్జ్ జార్విస్ అన్నారు. అసలు పేరు ఎవరూ రాసిపెట్టలేదు. బొంబాయిలో బడికి వేశారు. జేన్ పోయింది, మెక్వారీ ఇంకో పెళ్లి చేసుకున్నాడు, 1810లో ఇక్కడికి గవర్నర్‌గా వచ్చాడు. అన్నిటా ఈ జార్జ్ వెన్నంటే ఉన్నాడు. పన్నెండేళ్లపాటు గవర్నర్ ఇంట్లో మలయాళ దేశపు మనిషి ఒకడు తిరుగాడాడన్నమాట. ఇక్కడే మేరీ జెల్లీ అనే అమ్మాయిని పెళ్లిచేసుకుని, 1822లో మెక్వారీలతో పాటే ఓడెక్కాడు. ఆ ఇంట్లో గదులు చూపించే వాలంటీరు పెద్దావిడ మంచం, వెండి గిన్నెలు, పాలిష్ పట్టిన చెక్క నేల అన్నీ వివరించింది. పనివాళ్లు మెసిలే వెనక నడవ దగ్గర మా ఆయన ఆగి జార్జ్ గురించి అడిగితే, ఆవిడ ముఖం వెలిగిపోయింది. చుట్టూ ఉన్న గుంపును వదిలేసి మాకే చాలాసేపు చెప్పింది. అడిగేవాళ్లు లేక చెప్పట్లేదుగానీ, వాళ్లకు తెలుసు.

పిల్లలకు ఆ ఇంటికన్నా పార్కు ఎక్కువ నచ్చింది. నది ఒడ్డు చెట్లకు పండ్లు తినే పెద్ద గబ్బిలాలు వేలకొద్దీ తలకిందులుగా వేలాడుతుంటాయి. పట్టపగలు కూడా అరుపులే. వాసన ముందే చెప్పేస్తుంది ఎక్కడున్నాయో. అక్కడే 1822లో గవర్నర్ బ్రిస్బేన్ పెట్టిన వేధశాల తాలూకు రాతి స్తంభాలు మిగిలాయి. ఎన్కే తోకచుక్క తిరిగి వస్తుందన్న లెక్క నిజమని ఆ ఏడాది ఇక్కణ్నుంచే చూసి చెప్పారు. ఇంకాస్త ముందుకెళ్తే 1847లో గవర్నర్ ఫిట్జ్‌రాయ్ తనే గుర్రబ్బండి తోలుతూ చెట్టుకు గుద్ది భార్యను పోగొట్టుకున్న చోట ఓ రాతి కంబం. మా చిన్నోడికి తెలిసిన చరిత్ర గబ్బిలాలు, ఆ బండి యాక్సిడెంటు.

పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకు నేను మొదట చెప్పేది ఎలిజబెత్ ఫార్మ్. 1793 నాటిది. ఈ దేశంలో నిలిచున్న ఇళ్లలో అన్నిటికన్నా పాతది. మెరీనో ఉన్నితో కోట్లు గడించిన మెకార్థర్ల ఇల్లు. గొర్రెల గొప్పంతా భర్త జాన్‌కి కట్టబెట్టారుగానీ, గవర్నర్ మీద తిరుగుబాటు చేసి అతను 1809 నుంచి 1817 దాకా ఇంగ్లండ్‌లో చిక్కుకుపోయినప్పుడు మంద పెంచి, ఉన్ని పంపి, లెక్కలు చూసింది ఎలిజబెత్. మ్యూజియం అన్నాక ‘ముట్టుకోవద్దు’ అన్న బోర్డు మామూలేకదా, ఇక్కడ అది లేదు. కుర్చీలో కూర్చోవచ్చు, సొరుగులు లాగొచ్చు. అమ్మ వంటింట్లో రాతి పొయ్యి ముందు నిలబడి, పొగగొట్టంలోకి తల పెట్టి చూసి, గాలి ఎటు లాగుతుందో చిన్నోడికి చూపించింది.

అన్నిటికన్నా నన్ను కదలనివ్వనిది మాత్రం నదికి పైవైపు, ఎవరూ పనిగట్టుకు వెళ్లని చోట ఉంది: ఫిమేల్ ఫ్యాక్టరీ. ఈ దేశానికి తెచ్చిన సుమారు 1,62,000 మంది ఖైదీల్లో 25 వేల మంది దాకా ఆడవాళ్లు. పనికి తీసుకునేవాళ్లు దొరకనివాళ్లను, కడుపుతో ఉన్నారని యజమానులు తిప్పి పంపినవాళ్లను, నేరం చేశారన్నవాళ్లను ఇక్కడ పెట్టి ఉన్ని వడికించి బట్ట నేయించారు. 1821లో పూర్తయిన ఆ కట్టడానికి నమూనా గీసింది ఫ్రాన్సిస్ గ్రీన్‌వే. అతనూ దొంగ సంతకం కేసులో వచ్చిన ఖైదీనే. అది ఒకేసారి జైలు, మిల్లు, పురిటి ఆస్పత్రి, పెళ్లి సంబంధాల కచేరీ కూడా. పెళ్లాం కావాలన్న మగాడు అనుమతి కాగితం పట్టుకుని వచ్చి, వరసలో నిలబెట్టిన ఆడవాళ్లలోంచి ఎంచుకునేవాడు. ఇష్టం లేదని చెప్పే హక్కు ఆమెకూ ఉండేది. ఆనాటి మన పెళ్లిచూపుల్లో పిల్లకు అదీ లేదు. పిల్లలకు మూడు నాలుగేళ్లు రాగానే తల్లుల దగ్గర్నుంచి తీసేసి అనాథ బడికి పంపేవాళ్లు. ఆడపిల్లల అనాథ బడి నది దిగువన రైడల్‌మియర్‌లో ఉంది. మూడంతస్తుల ఇటుక మేడ. ఇప్పుడది వెస్టర్న్ సిడ్నీ యూనివర్సిటీ ఆవరణలో భాగం. మనవైపు నుంచి చదువుకోవడానికొచ్చే పిల్లలు ఎంతమంది దాని ముందునుంచి రోజూ క్లాసుకి పోతున్నారో.

1827 అక్టోబర్లో రొట్టె, పంచదార కోత పెడితే ఫ్యాక్టరీ ఆడవాళ్లు తిరగబడ్డారు. పనిముట్లతో గేటు విరగ్గొట్టుకుని ఊళ్లోకి పరిగెత్తి, రొట్టెల కొట్లమీద, మాంసం కొట్లమీద పడ్డారు. సైనికులొచ్చి చుట్టుముట్టేదాకా ఆగలేదు. దొరికిన తిండి ఒళ్లో కట్టుకునే వెనక్కి నడిచారట. ఇక్కడి మిత్రులు కొందరు తమ ముత్తవ్వ ఈ ఫ్యాక్టరీ నుంచి వచ్చిందని గొప్పగా చెప్పుకుంటారు. ఓ యాభై అరవై ఏళ్ల కిందటిదాకా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదట ఆ మాట. ఖైదీ పూర్వీకుడు ఉండటం ఇప్పుడు పరువు. మెచ్చుకోవాల్సిందే. కాకపోతే సిగ్గుపడాల్సిన సంగతుల్లో తమకు జరిగినదాన్ని ముందు గోడలెక్కించారు, తాము చేసినదాన్ని ఆలస్యంగా, చిన్న అక్షరాల్లో రాశారు. ఏ జాతైనా అంతేనేమో. మన ఊళ్లో మాలపల్లె చరిత్ర రాసిన ఫలకం నేనూ చూడలేదు.

ఇన్నాళ్లూ నాన్న లింకు డాక్యుమెంటు సంగతి మర్చిపోలేదు. ఆయనకు కాస్త తృప్తినిచ్చిన మనిషి చివరికి మరియా లాక్ అయింది. మెక్వారీ 1814 చివర్లో ఆదివాసుల పిల్లలకని పారమట్టాలో ఓ బడి పెట్టాడు. చదువు చెప్తామని తల్లిదండ్రుల నుంచి విడదీయడం అందులో ఉంది. 1819లో ఊళ్లోని బడులన్నిటికీ కలిపి పరీక్ష పెడితే, సుమారు వందమంది తెల్లపిల్లల్ని దాటి మొదటి బహుమతి ఓ ఆదివాసీ అమ్మాయికి వచ్చింది. ఆ అమ్మాయే మరియా. 1824లో రాబర్ట్ లాక్ అనే ఖైదీ వడ్రంగిని ఇక్కడి సెయింట్ జాన్స్ చర్చిలో పెళ్లాడింది. ఖైదీ భర్తను చట్టప్రకారం ఆమె కిందే పనికి రాసిచ్చారు. ఆమె అన్న కోల్బీకి మెక్వారీ 30 ఎకరాలు ఇచ్చాడు, ఆదివాసీకి ఇచ్చిన తొలి పట్టాల్లో అదొకటి. అతను పోయాక, 1831లో మరియా గవర్నర్ డార్లింగ్‌కు అర్జీ రాసింది: అది మా అన్నది, వారసురాలిని నేను, నాకు రావాలి. అమ్మమ్మల కాలంనుంచి తమదైన నేలలో ఒక ముక్కను, తెల్లవాళ్ల బడిలో నేర్చుకున్న అక్షరాలతో, తెల్లవాళ్ల చట్టం ప్రకారమే అడిగింది. ఆ భూమి ఉన్న చోటు బ్లాక్‌టౌన్. ఆ బడిని తర్వాత అక్కడికే మార్చారు. ఇప్పుడు అక్కడా మనవాళ్ల ఇళ్లు వీధులకు వీధులున్నాయి. అన్న భూమి ఆమెకు దక్కింది 1843లో.

అమ్మాయి ఇది చదివి వినిపిస్తుంటే నాన్న వేళ్లమీద లెక్కపెట్టారు. ‘‘ముప్పై ఎకరాల మ్యుటేషన్‌కి పన్నెండేళ్లా? మా ఆఫీసులో అయితే ఇంత ఆలస్యం జరిగేది కాదు’’ అన్నారు. అమ్మ చిక్కుళ్లు వలుస్తూ తలెత్తి ఆయన వంక ఓసారి చూసింది. మా తాత పొలం ఆవిడ పేరుకి మారడానికి ఎన్నేళ్లు పట్టిందో ఇంట్లో అందరికీ తెలుసు.